ముందు అద్దం మీద నలుగురి ఊపిరి

మా ఆఫీసులో మరుగుదొడ్ల బయట గోడకి ఒక చిన్న యంత్రం బిగించారు. దాని మీద మూడు ముఖాలుంటాయి. పచ్చది నవ్వుతుంది, పసుపుది ఏమీ అనదు, ఎర్రది ఏడుస్తుంది. లోపల మన అనుభవం ఎలా ఉందో బయటికి రాగానే ఒకటి నొక్కి చెప్పాలి. శుభ్రం చేసే ఆవిడ పక్కనే నిలబడి మన వేలు ఎటు వెళ్తుందో చూస్తూ ఉంటుంది. ఇంత చదువు చదివి, ఈ వయసులో, ఆ విషయం మీద నా అభిప్రాయం రోజుకి మూడుసార్లు ప్రకటించాల్సి వస్తుందని నేను అనుకోలేదు. ఎప్పుడూ పచ్చదే నొక్కుతాను. కొన్ని సందర్భాల్లో అది పూర్తి నిజం కాదు.

గొడవ ఆ గుమ్మం దగ్గరే ఆగితే బాగుండేది. ఆఫీసు క్యాబ్ దిగినా అంతే. కాలు నేల మీద పెట్టేలోపు ఫోన్లో ఐదు నక్షత్రాలు, వాటి కింద నాలుగు వాక్యాలు రాసుకునేంత ఖాళీ. ఖాళీ కనిపిస్తే నింపకుండా ఉండలేకపోవడం నా జబ్బు. దాని సంగతి తర్వాత. ముందు క్యాబ్ అద్దాల సంగతి చెప్పాలి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, అద్దాల లోపలివైపు సంగతి.

బాచుపల్లి నుంచి నానక్‌రామ్‌గూడకి పొద్దున్న ఏడింటి క్యాబ్ మాది. డ్రైవరుతో కలిపి నలుగురం. డ్రైవరు నలభై దాటిన మనిషి, నానక్‌రామ్‌గూడ పాత ఊళ్ళోనే పుట్టి పెరిగాడు. ఆయన ఇల్లు మా ఆఫీసు టవరు వెనక సందులో ఉంది. అంటే రోజూ మా ఆఫీసు పక్కనుంచి బయల్దేరి, బాచుపల్లి దాకా వచ్చి, మమ్మల్ని ఎక్కించుకుని, మళ్ళీ తన ఇంటి పక్కనే దించేవాడు. ఇంత అడ్డదిడ్డమైన రూటుని ట్రాన్స్‌పోర్ట్ డెస్కు చుట్టూ నెలరోజులు తిరిగి మరీ వేయించుకున్నాడు. కారణం కూతురు. ఆ అమ్మాయి బాచుపల్లిలో ఇంటర్ చదువుతోంది. మొదట హాస్టల్లో వేస్తే రెండు నెలలకే కామెర్లు వచ్చి, దవాఖానలో పది రోజులుండి ఇల్లు చేరింది. అప్పటినుంచి పొద్దున్నే తండ్రితో కారులో వచ్చి కాలేజీ దగ్గర దిగేది. సాయంత్రం మమ్మల్ని దించాక ఆయన ఆమెని ఎక్కించుకుని ఇంటికి పోయేవాడు. రూటు ఉంటే అమ్మాయి ఇంట్లో ఉంటుంది. రూటు పోతే హాస్టలు. ఇది మా ముగ్గురికీ తెలుసు. మొదటి వారంలోనే ఆయనే చెప్పాడు, మేము తలలూపాం.

ముందు సీటు మా పక్క టీము మేనేజరుగారిది. గోదావరి జిల్లాల మనిషి. చాలా మర్యాదస్తుడు, ఎవరినైనా ఏమైనా మర్యాదగానే అనగలడు. ఆయనకి సైనసు. వెనక ఎడమ సీటు మదీనాగూడలో ఎక్కే మేడంది. సిద్దిపేట వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది. తప్పులు పట్టడం ఆవిడ ఉద్యోగం. ఆఫీసు చేరేదాకా ఆగేది కాదు. వెనక కుడి సీటు నాది.

ఆఫీసు క్యాబుల్లో ఎక్కడా రాసిపెట్టని చట్టం ఒకటుంది. ఏసీ మీద అధికారం ముందు సీటుది. కిటికీల మీద అధికారం వెనక ఎడమ సీటుది. ముందు ఎక్కినవాళ్ళకి ముందు హక్కు, ఆడవాళ్ళకి కిటికీ హక్కు, అలా ఎప్పుడో కుదిరిపోయింది. నా సీటుకి సంక్రమించిన హక్కు ఏమిటంటే, డ్రైవరు తల వెనకభాగాన్ని గంటసేపు చూడటం. డ్రైవరుకి స్టీరింగు మిగిలింది. ఆ చట్టాన్ని అందరమూ గౌరవించేవాళ్ళం, ఎందుకంటే ఒకరినొకరు గౌరవించుకోవడానికి మా మధ్య వేరే ఏమీ లేదు.

ఎండాకాలం మొత్తం అలా నెట్టుకొచ్చాం. వానలు మొదలయ్యాయి.

వానలో కారు అద్దం బయటినుంచి చల్లబడుతుంది. లోపల నలుగురు మనుషులు వదిలే వెచ్చటి తడిగాలి ఆ చల్లటి అద్దాన్ని తాకి ఆవిరి పడుతుంది. ఇదేమంత రహస్యం కాదు. మేనేజరుగారి కాళ్ళ దగ్గర తడి రెయిన్‌కోటు, మేడం సీటు కింద కారుతున్న గొడుగు దీనికి తమ వంతు సాయం చేసేవి. నా ఒళ్ళో స్టీలు డబ్బా ఉండేది, అందులో పొయ్యి మీంచి అప్పుడే దింపిన ఉప్మా. ఇంట్లో తినే తీరిక లేక మియాపూర్ దగ్గర మూత తీసేవాణ్ణి. నా వంతు కొంచెం ఎక్కువే అయ్యుండవచ్చు.

మొదటి పెద్ద వాన రోజున మదీనాగూడ దాటేసరికి ముందద్దం పాలు పోసినట్టు తెల్లబడిపోయింది. డ్రైవరు పచ్చబట్టతో తన ముందు జానెడు మేర తుడుచుకుని, దాంట్లోంచి వంగి చూస్తూ నడుపుతున్నాడు.

"సార్, ఏసీ ఎయ్యనియ్యుండ్రి. రెండు నిమిషాల్ల పోతది ఇది."

"ఏసీ నాకు పడదని చెప్పాను కదయ్యా," అన్నారు మేనేజరుగారు. "నువ్వు వేశావంటే రేపు నేను తుమ్ముకుంటూ క్లయింటుతో మాట్లాడాలి."

"పోనీ అద్దాలన్న జర దించుత."

"దించకన్నా," అంది మేడం. "నిన్న లారీ పోతే బురద మొత్తం నా మీదికొచ్చింది. డ్రెస్ ఖరాబైంది. మళ్ళ గిట్లనే వేరే డ్రెస్ గూడ ఖరాబ్ చేస్తవా?"

"అయితే ఈ బటనన్న తీస్త. లోపలి గాలే తిప్పి తిప్పి కొడుతున్నది. బయటి గాలి రావాలె సార్."

మేనేజరుగారు సీటులో పూర్తిగా పక్కకి తిరిగారు. "బయట వాన పడుతోంది. తడిగాలి. ఆ తడిగాలిని లోపలికి రానిచ్చి లోపలి తడిని తగ్గిస్తానంటావు. కాస్త ఆలోచించి మాట్లాడు బాబూ."

"గాలి కాదు సార్, ఊపిరి. నలుగురి ఊపిరి లోపల్నే ఉంటే అద్దం మీదికే పోతది. ఇంకెక్కడికి పోతది?"

"అయితే ఊపిరి పీల్చడం మానెయ్యమంటావా?"

"మీరు మాట్లాడుడు జర తక్కువ జేస్తే సగం తగ్గుతది సార్," అంది మేడం వెనకనుంచి.

"మీ గొడుగు నీళ్ళు నా బూటు దాకా వచ్చాయండి. ముందు ఆ సంగతి చూడండి."

"మీ బూటు గా నీళ్ళల్ల పెట్టుమని ఎవరన్నరు?"

ఇంజినీరింగులో నేను థర్మోడైనమిక్స్ చదివాను. బొటాబొటిగానైనా పాసయ్యాను. ఏసీ లోపల ఉన్న చల్లటి గొట్టాల మీద గాలిలోని తడంతా నీరై కారిపోతుందని, అక్కణ్ణుంచి వచ్చేది పొడిగాలి అని నాకు తెలుసు. పొడిగాలి వెళ్ళి అద్దాన్ని ఆరబెడుతుంది. బయటి గాలి తీసుకుంటే ఊపిరి బయటికి పోతుంది, ఇంకా తొందరగా ఆరుతుంది. డ్రైవరు చెప్పింది అక్షరాలా అదే, గొట్టాల ప్రస్తావన ఒక్కటే తక్కువ. ఆ మాట అనడానికి ముందు సీటాయనకి ఎదురు చెప్పాలి. ఆయన ఆ రోజుకి పక్క టీము మేనేజరు. మా ఆఫీసులో పక్క టీములు తరచుగా సొంత టీములైపోతుంటాయి. నేను ఉప్మా తిన్నాను.

ఆఫీసు దగ్గర దిగగానే ఫోన్లో నక్షత్రాలు వచ్చాయి. నాలుగు ఇచ్చాను. కింద ఖాళీలో ఇలా రాశాను: "దారంతా ముందేమీ కనిపించలేదు. పైసా ఖర్చు లేకుండా ఊటీ వెళ్ళొచ్చిన అనుభూతి." మా టీము వాళ్ళకి చూపిస్తే ఇద్దరు నవ్వారు, ఒకతను ఫోటో తీసుకున్నాడు. ఆ రోజు మంచిగా గడిచింది.

నాలుగైదు రోజుల తర్వాత పొద్దున్నే డ్రైవరు కారు స్టార్ట్ చెయ్యకుండా మా వైపు తిరిగాడు.

"ఒక కంప్లైంట్ వొచ్చిందట సార్. అద్దం కనపడతలేదని. సేఫ్టీ కింద రాసుకున్నరు. మూడైతే రూట్ గుంజుకుంటరు. ఎవరు పెట్టిన్రని అడుగుతలేను. ఇంకోటి పెట్టేముందు నాకు చెప్పుండ్రి, అంతే. నా బిడ్డ సంగతి మీకెరుకనే కద."

మేనేజరుగారు వెనక్కి తిరిగి నన్ను చూశారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. అద్దం నిండా ఆవిరి ఉంది కాబట్టి అక్కడ చూడ్డానికి ఏమీ లేదు, అయినా శ్రద్ధగానే చూశాను. నాలుగు నక్షత్రాలిచ్చినవాడిది ఫిర్యాదు ఎలా అవుతుందని నాలో నేనే వాదించుకున్నాను. నెగ్గాను కూడా. ఎదుటి పక్షం తరఫున ఎవరూ రాలేదు.

అయితే ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. ఇంటర్నెట్లో వెతికాను. కారు అద్దాల లోపల తడి గురించి ప్రపంచంలో చాలామంది రాశారు, దాదాపు అందరూ మంచు కురిసే దేశాలవాళ్ళే. పొద్దున్నే లోపలివైపు గడ్డకట్టిన మంచుని ఏ పలకతో గీకాలి, గరాజులో హీటరు ఎంతసేపు ఉంచాలి, అన్నీ ఉన్నాయి. పిల్లులు దొడ్డికి వెళ్ళే ఇసుకని ఒక మేజోడులో నింపి డాష్‌బోర్డు మీద పెడితే తడి పీల్చుకుంటుందని ఒకాయన రాశాడు. మా అపార్ట్‌మెంటులో అలాంటి ఇసుక ఉన్నవాళ్ళు ముగ్గురున్నారు గానీ, అడగడానికి తగిన మాటలు నాకు దొరకలేదు.

ఈ లోపు డ్రైవరే ఒక ఉపాయం చేశాడు. వాళ్ళావిడ రాళ్ళ ఉప్పు గుడ్డలో మూటకట్టి ఇచ్చింది. వానాకాలంలో ఉప్పుడబ్బా చెమ్మగిల్లడం చూడనిదెవరు, తడి లాగుతుందని ఆవిడ ఆలోచన. ఆలోచనలో తప్పేమీ లేదు. మూటని ముందద్దం కింద పెట్టాడు. మేనేజరుగారు దాన్ని చూపుడు వేలితో తాకి వాసన చూసుకున్నారు.

"ఏవిటిది, దిష్టికా?"

"తడికి సార్."

"ఈ కాలంలో కూడా ఇవన్నీ ఏవిటయ్యా. చుట్టూ ఇంత టెక్నాలజీ పెట్టుకుని."

రెండో రోజుకి ఉప్పు తడి లాగింది, నిజానికి బాగానే లాగింది. లాగిన తడంతా ఉప్పునీళ్ళై డాష్‌బోర్డు అంచున అక్కడే పెట్టిన మేనేజరుగారి ఫోను కిందికి పారింది. ఆయన ఫోను తుడుచుకున్నంతసేపూ మర్యాదగా మాట్లాడారు. అంత మర్యాద నేను ఇంకెక్కడా వినలేదు. మూట అల్విన్ చౌరస్తా దగ్గర కిటికీలోంచి బయటికి పోయింది. ఆ ఒక్క క్షణం కిటికీ దించడానికి మేడం అనుమతించింది.

ఆ మర్నాడు నేను గడ్డానికి వాడే నురగ డబ్బా తెచ్చాను. దాన్ని అద్దం లోపలివైపు పూసి తుడిస్తే ఒక సన్నటి పొర మిగులుతుందని, దాని మీద ఆవిరి చుక్కలు నిలవవని చదివాను. బాచుపల్లిలో మేనేజరుగారు రాకముందే పని మొదలుపెట్టాను.

"కారుకు గడ్డం గీస్తరా సార్?" అన్నాడు డ్రైవరు.

"ఆవిరి పట్టదన్నా. అందరూ చేస్తున్నారు."

"అందరూ అంటే ఎవరు?"

పూశాను, తుడిచాను. పొడిబట్టతో చాలాసేపు రుద్దాలని రాసుంది. చాలాసేపు అంటే ఎంతసేపో రాయలేదు. నేను నిమిషం రుద్దాను. అప్పటికే మేనేజరుగారు గొడుగు ముడుస్తూ వచ్చేశారు, ఆయన ముందు నురగతో దొరకడం నాకిష్టం లేదు.

ఆవిరి నిజంగానే పట్టలేదు. దానికి బదులు అద్దమంతా చేతి గీతలతో మసకగా ఉండిపోయింది. హఫీజ్‌పేట దగ్గర మబ్బు కమ్మి, వచ్చే బండ్లన్నీ లైట్లు వేసుకున్నాయి. ఎదురుగా వచ్చిన కాలేజీ బస్సు లైటు ఆ మసక మీద పడగానే అద్దం మొత్తం ఒకటే తెల్ల వెలుగై కూర్చుంది. ముందు ఆటో ఆగిన సంగతి డ్రైవరుకి ఆఖరి క్షణంలో తెలిసింది. బ్రేకు తొక్కాడు. ఆటో వెనక బంపరుని మా కారు ముట్టుకుంది. తగిలింది అనడానికి కూడా లేదు. కానీ మేడం మోకాలు ముందు సీటుకి గట్టిగానే తగిలింది. నా ఉప్మా మేనేజరుగారి కాలరు వెనక దిగింది.

ఆటో ఆయన దిగి వచ్చి, బంపరు చూసుకుని, మా డ్రైవర్ని చూసి, "కండ్లు ఇంట్ల పెట్టొచ్చినవా అన్నా?" అన్నాడు.

డ్రైవరు నా వైపు చూడలేదు. నురగ గురించి ఒక్క ముక్క అనలేదు. "తప్పైంది, పో," అన్నాడు. ఆటో ఆయన పోయాడు. మేనేజరుగారు మెడ వెనకనుంచి జీడిపప్పు ఒకటి తీసి కప్పు హోల్డర్లో పెట్టారు.

రెండో ఫిర్యాదు అలా వచ్చింది. మర్నాడు డ్రైవరు చెప్పకముందే మేడం చెప్పింది.

"నేనే పెట్టిన. దాసుకునేదేముంది? మోకాలు ఇంత వాచింది. ఇంట్ల అడిగితే ఏం చెప్పాలె?"

"మొదటిది కూడా మీరేనా అండి?" అన్నారు మేనేజరుగారు.

"కాదు. నేను పెడితే పెట్టిన్నని చెప్త. మీరే అయ్యుంటరు."

"నేనైతే ఆ రోజే మొహమ్మీద చెప్పేవాణ్ణండి."

ఇద్దరూ నన్ను చూశారు.

"సిస్టమ్‌లో ఏదో గ్లిచ్ అయ్యుంటుంది," అన్నాను.

డ్రైవరు అద్దంలోంచి నన్ను చూశాడు. అది వెనక్కి చూసుకునే లోపలి అద్దం, దాని మీద ఆవిరి లేదు. "ఇంగ ఒక్కటే ఉంది," అన్నాడు. "బిడ్డ క్వార్టర్లీ పరీక్షలు గూడ దగ్గరపడ్డయి."

అప్పుడు మేడం గొడుగు మడిచి, వాన పడుతుండగానే దిగి, డిక్కీలో పెట్టి వచ్చి కూర్చుంది. "అన్నా, సోమవారంసంది నువ్వెట్లంటే గట్ల. ఎవరన్న ఏమన్న అంటే నేను చూస్కుంట." నా వైపు తిరిగింది. "మీరు గా డబ్బా మూత ఆఫీసుల తీయుండ్రి. ఇది హోటల్ కాదు." నేను మూత పెట్టాను. మేనేజరుగారు మెడకి మఫ్లరు చుట్టుకున్నారు. ఆయన మౌనంగా ఉంటే కారులో ఇంకో మనిషి ఎక్కినట్టుండేది.

శని, ఆదివారాలు గడిచాయి. సోమవారం కుండపోత. డ్రైవరు పొద్దున్నే పొడిబట్టతో అద్దాలు రుద్ది, నా నురగ ఆనవాళ్ళన్నీ తుడిచేసి వచ్చాడు. తడి రెయిన్‌కోటు, గొడుగులు డిక్కీలో పెట్టించాడు. కాళ్ళ కింది రబ్బరు పట్టాలు ఎత్తి, వాటి కింద నిలిచిన నీళ్ళు దులిపాడు. లోపలి గాలి తిప్పే బటన్ తీసి బయటి గాలి రానిచ్చాడు, ఏసీ వేశాడు, గాలి అద్దం మీదికి తిప్పాడు, తన వైపు కిటికీ రెండు వేళ్ళంత దించాడు. నేను గడియారం చూశాను. ఆయన చెప్పిన రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆవిరి కింది అంచునుంచి పైకి చీర కుచ్చెళ్ళు ఎత్తినట్టు లేచి పోయింది. మదీనాగూడ హైవే మీద దుకాణాల బోర్డులు, వాటి మీద అక్షరదోషాలతో సహా, ఆ నెలలో మొదటిసారి చదివాను. కొండాపూర్ దగ్గర వాన కాసేపు తెరిపిచ్చినప్పుడు, ఏసీకి చల్లబడ్డ అద్దం మీద బయటివైపు కొంచెం ఆవిరి పడితే వైపరు తిప్పాడు.

"బయట పడితే వైపరు, లోపల పడితే ఏసీ," అన్నాడు, ఎవరితోనూ కాదు. అంతకాలంలో ఆయన స్టీరింగు మీదికి వంగకుండా సీటుకి ఆనుకుని నడపడం నేను చూడటం అదే మొదటిసారి.

మేనేజరుగారు మూడుసార్లు తుమ్మారు. నానక్‌రామ్‌గూడ దాకా ఏమీ అనలేదు. దిగాక గొడుగు కింద నిలబడి ఫోన్లో చాలాసేపు టైపు చేశారు. ఖాళీ నింపే జబ్బు నా ఒక్కడికే లేదని అప్పుడు తెలిసింది.

మూడో ఫిర్యాదు: ప్రయాణికుల ఆరోగ్యాన్ని లక్ష్యపెట్టకుండా, పదేపదే చెప్పినా వినకుండా ఏసీ నడిపాడు.

ఆ మధ్యాహ్నమే నేను ట్రాన్స్‌పోర్ట్ డెస్కుకి వెళ్ళాను. అది బేస్‌మెంటులో ఉంటుంది, బల్ల వెనక ఒకాయన స్వెట్టరు వేసుకుని కూర్చుంటాడు. మొదటి ఫిర్యాదు ఎవరిదో చూడమన్నాను. చూసి, స్క్రీను నా వైపు తిప్పాడు.

"మీదే సార్."

"నాలుగు నక్షత్రాలిచ్చాను."

"ముందేమీ కనిపించలేదని రాసిన్రు కద. గా మాట ఉంటే సేఫ్టీ కిందికి పోతది."

"ఊటీ అని కూడా రాశాను. అది హాస్యం."

ఆయన కిందిదాకా వెతికాడు. "ఊటీకి కేటగిరీ లేదు సార్."

వెనక్కి తీసుకోవచ్చా అని అడిగాను. తీసుకోవచ్చన్నాడు. సేఫ్టీ విషయంలో సరికాని ఫిర్యాదు పెట్టానని ఒక మెయిలు రాసి, మా సొంత టీము మేనేజరుని అందులో కలిపి పంపాలి. "ఒకటి పోతే రెండే ఉంటయి. రూట్ ఆయనకే ఉంటది. శుక్రవారం లోపల పెట్టుండ్రి, తర్వాత నా చేతుల ఉండదు."

అది అప్రైజల్ నెల. అంతకంటే వివరించడం అనవసరం. మెయిలు మాత్రం ఆ సాయంత్రమే మొదలుపెట్టాను. మొదటి పేరా కుదిరింది. "సరికాని" అనే మాట బరువుగా అనిపించి "తేలికపాటి ధోరణిలో రాసిన" అని మార్చాను. మంగళవారం పొద్దున్న చూస్తే అది మరీ తేలికగా ఉంది. బుధవారం మా మేనేజరు పేరు చేర్చాను, తీశాను. గురువారం మళ్ళీ చేర్చాను. శుక్రవారం మధ్యాహ్నం అదే మేనేజరుతో నా సంవత్సరపు పనితీరు గురించి మీటింగు పడింది. అది అయ్యాక పంపుదామనుకున్నాను. అది అయ్యేసరికి ఆరున్నర. ఆ మెయిలు నా డ్రాఫ్టుల్లో ఇప్పటికీ ఉంది. భాష చాలా బాగుంటుంది.

ఆ పై సోమవారం కొత్త డ్రైవరు వచ్చాడు. ఎవరేమన్నా సరేనండి అంటాడు. ఏసీ ఆపాడు, కిటికీలు ఎక్కించాడు, పచ్చబట్ట పట్టుకుని తుడుచుకుంటూ నడిపాడు. మేనేజరుగారికి బాగా నచ్చాడు. మేడం రెండు రోజులు చూసి వేరే క్యాబుకి మారిపోయింది. వెళ్తూ వెళ్తూ నాతో, "గ్లిచ్ పోయిందా?" అంది. పోయిందన్నాను.

రెండు వారాలకి, ఒక పొద్దున వాన తెరిపి ఇచ్చినప్పుడు, టవరు వెనక సందులో టీ తాగుదామని వెళ్తే పాత డ్రైవరు కనిపించాడు. తన ఇంటి ముందే కారు ఆపి, నాలుగు తలుపులూ తెరిచి, కాళ్ళ కింది పట్టాలు గోడ మీద ఆరేస్తున్నాడు. చూడనట్టు పోవచ్చు. పోలేదు, అంతవరకు నా ఖాతాలో వేసుకోవచ్చు.

"బాగున్నావా అన్నా?"

"ఆఁ సార్. ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులు కొడుతున్న."

"పాప?"

"హాస్టల్ల వేసినం." పట్టా ఒకటి దులిపి పక్కన పెట్టాడు. "ఫోన్ చేస్తే మాట్లాడతలేదు. వాళ్ళమ్మతోని మాట్లాడుతది. నువ్వే పంపిచ్చినవ్ అంటది నన్ను."

ఏదో ఒకటి అనాలి. మెయిలు గురించి అనాల్సింది. మెయిలు సంగతి ఆయనకి తెలుసో తెలియదో నాకిప్పటికీ తెలియదు. దానికి బదులు అద్దాల గురించి మాట్లాడాను. నువ్వు చెప్పిందే అక్షరాలా సరైనదన్నా అన్నాను. ఏసీ గొట్టాల సంగతి, గాలిలోని తడి వాటి మీద నీరై కారిపోయే సంగతి, పొడిగాలి అద్దాన్ని ఆరబెట్టే సంగతి చెప్పాను. కారు కింద కారే ఆ నీళ్ళు అవే అని బానెట్ వైపు వేలు కూడా చూపించాను. ఆయన బట్ట చేతిలో పట్టుకుని మొత్తం విన్నాడు. మంచి శ్రోత. మా కారులో అలాంటివాడు ఆయనొక్కడే ఉండేవాడు.

"ఇదంత ఎప్పటిసంది ఎరుక సార్ మీకు?"

"కాలేజీలోనే చదువుకున్నాం అన్నా," అన్నాను, కొంచెం నవ్వి. "పరీక్షలో కూడా వచ్చింది."

ఆయన నవ్వలేదు. బట్ట పిండి, తలుపు మీద వేశాడు.

"ముందు సీటు సారుకు తెల్వక వద్దన్నడు. మీకు తెలిసి గూడ వెనక కూసున్నరు. మీకన్న ఆయనే నయం సార్."